గాలిమేస్త్రి చెప్పని మాట

మా కార్ఖానాలో అతన్ని అందరూ గాలిమేస్త్రి అనేవారు. మొదట్లో అది వెక్కిరింపు. పోతపనిలో ఒకడు ఇసుక మోస్తాడు, ఒకడు కొలిమి ముందు ఉడికిపోతాడు, ఒకడు కరిగిన ఇనుముతో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుస్తాడు. ఇతనేమో ఒక పంపు పక్కన నిలబడి, గోడకున్న గుండ్రటి మీటరు వంక చూస్తూ, ఒక చిన్న చక్రాన్ని అటు కాస్త ఇటు కాస్త తిప్పుతాడు. "గాలి పీల్చడం కూడా ఉద్యోగమేనా? అది మేం పుట్టినప్పట్నుంచీ ఊరికే చేస్తున్నాం" అని కొలిమి దగ్గరివాళ్ళు పడీపడీ నవ్వేవారు. కొన్నేళ్ళకి అదే పేరు గౌరవమైంది. వేరే కార్ఖానాల వాళ్ళు ఫోన్ చేసి "మీ గాలిమేస్త్రిని ఒక్క రోజు పంపించండి" అని అడిగేదాకా వచ్చింది.

వెక్కిరింపుకీ గౌరవానికీ మధ్య ఏం జరిగిందో తెలిసినవాళ్ళం ముగ్గురమో నలుగురమో. నాకు తెలియక తప్పదు. నేను తనిఖీ గదిలో పనిచేసేవాణ్ణి. ఆ తప్పుడు కాగితం రాసింది నేనే.

ముందు పని సంగతి చెప్పాలి, లేకపోతే అతను చేసిందేమిటో అర్థం కాదు. మాది నీళ్ళ పంపులకి బాడీలు, పైపులకి మలుపులు పోసే కార్ఖానా. ఏ వస్తువు కావాలో దాన్ని ముందు థర్మోకోల్‌తో చేస్తారు. కొత్త టీవీ కొంటే డబ్బాలో చుట్టూ పెడతారే, ఆ తెల్లటి సరుకే. ఆ బొమ్మని బురదలాంటి పూతలో ముంచి ఆరబెడతారు. ఆరాక ఇనుప పెట్టెలో నిలబెట్టి, చుట్టూ పొడి ఇసుక పోసి, ఇసుక సందుల్లోకి సర్దుకునేలా పెట్టెని గడగడా వణికిస్తారు. ఆ తర్వాత బొమ్మని బయటికి తీయరు. అది లోపల ఉండగానే ఇనుము పోసేస్తారు. వేడికి థర్మోకోల్ ఆవిరైపోతుంది, అది ఖాళీ చేసిన చోట ఇనుము కూర్చుంటుంది.

వినడానికి సులువే. కానీ ఆ ఆవిరి ఎటో ఒకవైపు పోవాలి కదా. పోకపోతే ఇనుములో బుడగలు కడుతుంది, లేదా పైన మసి మడతలు మడతలుగా తేలుతుంది. మొదట్లో మాకు పది పోస్తే మూడు అలాగే తగలబడేవి. ఒక్కోసారి ఆవిరి వెనక్కి తన్ని, పోసే చోట నిప్పురవ్వలు మొహాలమీదికి ఎగిరేవి. ఇలా లాభం లేదని మా ఇంజనీరు గాలి లాగే పంపు తెప్పించాడు. పెట్టె గోడకి ఒకవైపు లోపల సన్నటి జల్లెడ బిగించి, దాని వెనక గొట్టం పెట్టించాడు. ఇసుక నింపాక పైన ప్లాస్టిక్ కాగితం కప్పి పంపు వేస్తే, పొడి ఇసుక బండరాయిలా బిగుసుకునేది. ఇనుము పోస్తుంటే వచ్చే ఆవిరిని పంపు ఎప్పటికప్పుడు లాగేసేది. ఇనుము గట్టిపడ్డాక పంపు ఆపితే చాలు, ఇసుక మళ్ళీ జలజలా రాలిపోయేది. నెల తిరక్కుండానే మా సరుకు నున్నగా, మసి అనేది లేకుండా రావడం మొదలుపెట్టింది.

ఆ పంపు దగ్గర ఎవర్ని పెట్టాలని వెతుకుతుంటే, పూత గదిలోంచి ఒక గొంతు పలికింది. "మా మరిదిని పెట్టండి. కదలకుండా ఒకేచోట గంటలు గంటలు కూర్చోవడంలో వాడిని మించినవాడు లేడు."

ఆ గొంతు పూతక్కది. గాలిమేస్త్రికి ఆవిడ సొంత అన్న భార్య. అన్న బస్సు డ్రైవరు. ముగ్గురూ కార్ఖానాకి దగ్గర్లోనే రెండు గదుల ఇంట్లో ఉండేవారు. పూతక్క అప్పటికే తొమ్మిదేళ్ళుగా పూత గదిలో ఉంది. పూత అంటే మాటలు కాదు. అది ఆవిరిని పోనివ్వాలి, ఇనుముని మాత్రం పోనివ్వకూడదు. మందమైతే ఆవిరి ఇరుక్కుంటుంది, పల్చనైతే ఇనుము ఇసుకలోకి జొరబడుతుంది. పూతక్క దగ్గర కొలత సామాను ఏదీ ఉండేది కాదు. ఆరిన బొమ్మ అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒక్కసారి జరిపేది. "దీనికింకో మునక పడాలి" అనేది. అంతే. నేను చాలాసార్లు విరిగిన ముక్క తెచ్చి కొలిచి చూశాను, ఆవిడ వేళ్ళు తప్పు చెప్పడం నేను చూడలేదు.

వదినా మరిదీ పరాచికాలు మాకు రోజువారీ వినోదం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ మొదలుపెట్టేది.

"ఏమోయ్ మరిదీ, ఇవాళ ఎంత గాలి తిన్నావు?"

"నువ్వు కట్టిన డబ్బాలో ఉన్నదంతా అదే కదా వదినా."

"అయితే రేపట్నుంచి డబ్బా కట్టను. పంపు గొట్టం నోట్లో పెట్టుకో."

అందరం నవ్వేవాళ్ళం. మర్నాడు డబ్బా మామూలుగానే వచ్చేది. మూత తీస్తే అతనికిష్టమైన కూర ఒక పాలు ఎక్కువే ఉండేది.

పంపు మీటరు మీద ఇంజనీరు ఒక ఎర్రగీత గీసి వెళ్ళాడు, మూడువందల యాభై దగ్గర. సూది అక్కడ ఉండాలి, అటూ ఇటూ కదలకూడదు. మన గాలిమేస్త్రి కొన్ని నెలలు అలాగే చేశాడు. తర్వాత కుర్రతనమో, కుతూహలమో, ఒకరోజు చిన్న మలుపులు పోస్తుంటే చక్రం కాస్త బిగించి నాలుగువందలకి తెచ్చాడు. సరుకు ఇంకా నున్నగా వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. గాలి ఎంత లాగితే అంత మంచిదని మనసులో గట్టిగా నాటుకుపోయింది. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాడు. ప్రతి పెట్టెకీ మీటరు ఎంత చూపించిందో పుస్తకంలో రాయాలి. ఎలాగూ అదే అంకె కదా అని, పొద్దున్నే వచ్చి రోజుకి సరిపడా గళ్ళన్నిట్లో మూడువందల యాభై వేసేసేవాడు.

అలా ఉండగా ఒక పెద్ద పని వచ్చింది. నలభై రెండు నీళ్ళ పంపు బాడీలు, మందంగా, బరువుగా. కొనేవాళ్ళు మాకు కొత్త. ఇవి నచ్చితే ఏడాది పొడవునా పని ఉంటుంది. మేనేజరు స్వయంగా పంపు దగ్గరికి వచ్చి అతని భుజం తట్టాడు.

"మేస్త్రీ, ఈ నలభై రెండూ అద్దంలా రావాలి. నీ చేతిలో ఉంది."

వెక్కిరింపు లేకుండా ఎవరైనా తనని మేస్త్రీ అనడం అదే మొదటిసారని తర్వాత నాతో అన్నాడు. ఆ మాటతో నేలమీద కాళ్ళు నిలవలేదట. ఇంజనీరు ఆ వారం ఊళ్ళో లేడు. గాలిమేస్త్రి చక్రాన్ని పూర్తిగా బిగించేశాడు. సూది ఎర్రగీత దాటి, అయిదువందలు దాటి, అయిదువందల యాభై దగ్గర ఆగింది. రెండు రోజులూ అక్కడే ఉంచాడు. పుస్తకంలో గళ్ళు మాత్రం పొద్దున్నే నిండిపోయి ఉన్నాయి.

మూడో రోజు పెట్టెలు బోర్లించారు. ఇసుక రాలింది, కానీ మొత్తం రాలలేదు. బాడీల ఒంటినిండా ఇసుక ఇనుముతో కలిసి ఒక చర్మంలా అంటుకుని ఉంది. సుత్తితో కొడితే రాలదు, గ్రైండరు పెడితే రాయి అరుగుతుందే తప్ప అది వదలదు. ఒకటి కాదు, రెండు కాదు, నలభై రెండూ అంతే. మేనేజరు మొహం మాడిపోయింది. మమ్మల్నందర్నీ ఆ ఇనుము కుప్ప ముందు నిలబెట్టాడు. కొలిమివాళ్ళు, నేను, పూతక్క, గాలిమేస్త్రి.

"ఇసుక ఇలా పట్టిందంటే రెండే కారణాలు. గాలి ఎక్కువ లాగి ఉండాలి, లేదా పూత పల్చనై ఉండాలి" అన్నాడు. పుస్తకం తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. వేలు పెట్టి వరసలన్నీ చూశాడు. "ఇందులో మూడువందల యాభై ఉంది. ఏమయ్యా, ఎంత పెట్టావ్?"

గాలిమేస్త్రి అరక్షణం ఆగాడు. ఆ అరక్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

"రోజూ పెట్టేదేనండి" అన్నాడు.

మేనేజరు పూతక్క వైపు తిరిగాడు. "అయితే పూతే."

"నా పూత పల్చన కాదండి" అంది పూతక్క. గొంతు పెంచలేదు. "మూడు మునకలు వేశాను. ప్రతి బొమ్మా చేత్తో చూసి పంపించాను."

"చేత్తో చూశావా? నీ చెయ్యేమన్నా కొలబద్దా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పూతక్క మరిది వంక చూసింది. అతను తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. నేను తనిఖీ గదికి వెళ్ళి కాగితం తీసి, కారణం అన్నచోట "పూత లోపం" అని రాశాను. మేనేజరు చెప్పినట్టే రాశాను. నా కళ్ళతో నేను చూసి రాయాల్సిన కాగితం అది.

మర్నాటినుంచి పూతక్కని ఫెట్లింగ్ షెడ్డుకి మార్చారు. పోతలోంచి వచ్చిన ఇనుముకి అంచులు, మొటిమలు గ్రైండరుతో కొట్టి సాపుచేసే చోటు అది. దుమ్ము, చప్పుడు, చేతిలో రోజంతా వణికే మిషను. పూత గదిలో ఎనిమిది గంటలు కూనిరాగాలు తీస్తూ పనిచేసిన మనిషి చెవుల్లో దూది పెట్టుకుని, మొహానికి గుడ్డ కట్టుకుని అక్కడ నిలబడింది. మొట్టమొదట ఆవిడకి అప్పజెప్పింది ఆ నలభై రెండు బాడీలనే, ఏమైనా దక్కుతాయేమో చూడమని.

"ఆ రోజు సాయంత్రమే చెప్పేద్దామనుకున్నానండీ" అని గాలిమేస్త్రి నాతో అన్నాడు, ఎన్నో ఏళ్ళ తర్వాత. "ఇంటికెళ్ళేసరికి వదిన మామూలుగా వంట చేస్తోంది. రేపు చెబుదాంలే అనుకున్నా. రేపటికి నోరు ఇంకొంచెం బరువెక్కింది. నాలుగోనాడు అన్నయ్య అడిగాడు, అసలేం జరిగిందిరా అక్కడ అని. వదిన అక్కడే ఉంది. నాకేం తెలుసన్నయ్యా, పూత లోపమట, అన్నాను. ఆ మాట అన్నాక ఇంక వెనక్కి దారి లేకుండా పోయింది."

ఆ తర్వాత ఒక మార్పు వచ్చింది. పూతక్క డబ్బా కట్టడం మానలేదు. కోపంగా ఒక్క మాట అనలేదు. కానీ "ఏమోయ్ మరిదీ" అనడం పోయింది. "మరిదిగారూ, భోజనానికి రండి." "మరిదిగారూ, మీ చొక్కా ఆరిందేమో చూసుకోండి." మొదట అతను అది వేళాకోళం అనుకుని నవ్వాడట. ఆవిడ నవ్వలేదు. భోజనాల దగ్గర ఆవిడ ఫెట్లింగ్ షెడ్డు ఆడవాళ్ళతో వేరే కూర్చోవడం మొదలుపెట్టింది. పరాచికాలు ఏమైపోయాయని మేం ఎవరమూ అడగలేదు. షెడ్డు మారింది కాబట్టి బల్ల మారిందనుకున్నాం.

ఇక గాలిమేస్త్రి సంగతి. నలభై రెండు బాడీలు అతనికి గట్టిగా తగిలాయి. మళ్ళీ ఎప్పుడూ పుస్తకంలో ముందుగా ఒక్క అంకె వేయలేదు. మీటరు దగ్గర స్టూలు తీసేసి నిలబడే పనిచేసేవాడు. సరుకు మందాన్ని బట్టి, పూత మందాన్ని బట్టి, ఇనుము వేడిని బట్టి గాలి ఎంత లాగాలో సొంతంగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయాడు. పల్చటి సరుకుకి ఒక లెక్క, బరువు సరుకుకి ఒక లెక్క. పోస్తున్నప్పుడు ఎంత, పోశాక ఎన్ని నిమిషాలు పట్టి ఉంచాలి, ఎప్పుడు వదిలేయాలి. ప్లాస్టిక్ కాగితానికి ఎక్కడో చిల్లుపడి గాలి జారిపోతుంటే, గొట్టం మీద చెయ్యి పెట్టి కనిపెట్టేసేవాడు. రెండేళ్ళలో మా కార్ఖానాలో పాడైన సరుకు వందకి రెండుకి పడిపోయింది. నలభై రెండు బాడీలు పాడయ్యాక మమ్మల్ని వదిలేసిన ఆ కొనేవాళ్ళే వెతుక్కుంటూ మళ్ళీ వచ్చారు. మేనేజరు మారి కొత్తాయన వచ్చాడు, ఆయన కూడా ఇతన్ని పొగిడాడు. గాలిమేస్త్రి అంటే ఇప్పుడెవరూ నవ్వడం లేదు. అతనికి పెళ్ళయింది, రెండు వీధుల అవతల వేరే ఇల్లు తీసుకున్నాడు.

మెచ్చుకున్నప్పుడల్లా అతని మొహం చిన్నబోవడం నేను గమనించాను. బిడియం అనుకున్నాను.

ఈలోగా పూతక్క చేతులు పాడవుతున్నాయి. అది ఒక్కసారిగా వచ్చింది కాదు. మొదట సాయంత్రాలు వేళ్ళు తిమ్మిరెక్కేవి. తర్వాత చలికాలం పొద్దున్న రెండు వేళ్ళు, మూడు వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడిపోయేవి. గ్లాసు జారిపోయేది. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి పక్కింటావిడని పిలవాల్సి వచ్చేది. గ్రైండరు ఏళ్ళ తరబడి పట్టుకున్నవాళ్ళకి అలా అవుతుందని షెడ్డులో అందరికీ తెలుసు. చేతులు రుద్దుకుని మళ్ళీ మిషను పట్టుకోవడమే అక్కడి వైద్యం.

అలా ఏడేళ్ళు గడిచాయి. పని పెరిగి రెండో పంపు వచ్చింది. దానికి ప్యాకింగ్ గదిలోంచి ఒకావిణ్ణి తెచ్చి గాలిమేస్త్రి దగ్గర పని నేర్చుకోమన్నారు. నలభై అయిదేళ్ళ మనిషి, నెమ్మదైంది. మూడో వారంలో ఆవిడ చక్రాన్ని తప్పు వైపు తిప్పింది. తొమ్మిది మలుపులకి ఇసుక అంటుకుపోయింది. మేనేజరు వచ్చి కుప్ప చూశాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన ఇంకా నోరు తెరవకముందే ఆవిడ అంది, "నేనేనండి. వదులు చెయ్యబోయి బిగించాను. ఇనుము పోసేశాక చూసుకున్నా."

మేనేజరు తిట్టాడు. బాగానే తిట్టాడు. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావన్నాడు, ప్యాకింగ్ గదికి తిరిగి పంపిస్తానన్నాడు. తర్వాత, "సర్లే, ఆ చక్రం మీద బాణం గుర్తు పెయింటు చేయించండి" అని వెళ్ళిపోయాడు. మొత్తం కలిపి రెండు నిమిషాలు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకో పెట్టె సర్దమంటారా మేస్త్రిగారూ?" అని అడిగింది.

గాలిమేస్త్రి పంపు పట్టుకుని నిలబడిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"రెండు నిమిషాలండీ" అన్నాడు. "అంతేనా? రెండు నిమిషాలేనా?"

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడే, ఆ పంపు పక్కనే, జరిగిందంతా చెప్పాడు.

వినగానే నాకు ఆ నలభై రెండు బాడీలు గుర్తొచ్చాయి. వాటి మీద ఇసుక అన్నివైపులా ఒకేలా లేదు. ప్రతిదానికీ ఒక చెంప మీద దట్టంగా ఉంది, రెండో చెంప మీద పల్చగా ఉంది. ఆ రోజు చూశాను, చూసి వదిలేశాను. పూత పల్చనైతే చుట్టూరా అంటుకోవాలి. ఒకవైపే దట్టంగా ఉందంటే అది జల్లెడ ఉన్న వైపు, గాలి లాగే వైపు. బొమ్మని పూతలో ముంచేటప్పుడు దాని ఏ చెంప జల్లెడ వైపు కూర్చుంటుందో ఎవరికి తెలుస్తుంది? అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది ఇప్పుడు చూస్తే. అది చూసి చెప్పడానికే నన్ను ఆ గదిలో కూర్చోబెట్టారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం గాలిమేస్త్రి అన్న ఇంటికి వెళ్ళాడు. అన్న డ్యూటీకి పోయాడు. పూతక్క గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని గోరువెచ్చటి నీళ్ళగిన్నెలో చేతులు పెట్టుకుని ఉంది. ఇతను ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు అనేశాడు.

"వదినా, ఆ నలభై రెండు బాడీలూ పాడుచేసింది నేను. గాలి అయిదువందల యాభైకి పెట్టాను. నీ పూతలో లోపం లేదు."

పూతక్క నీళ్ళలోంచి చేతులు తీయలేదు.

"తెలుసు" అంది.

"తెలుసా?"

"వాటిని గ్రైండరుతో గీకింది ఎవరనుకున్నారు? మూడో రోజుకే తెలిసింది. ప్రతిదానికీ ఒకే చెంప. కింద నా పూత ఎక్కడా పగల్లేదు, పొర పొరలాగే ఉంది. దాన్ని దాటి ఇనుము ఇసుకలోకి పోయింది. అంత గట్టిగా లాగేది ఇంకేముంది అక్కడ?"

"మరి ఎందుకు చెప్పలేదు వదినా?"

"నేను చెబితే ఏమవుతుంది? తప్పించుకోవడానికి మరిది మీదికి తోస్తోందంటారు. మీ అన్న మనిద్దరి మధ్య నలిగిపోతాడు." గిన్నెలో వేళ్ళు మెల్లగా కదిపింది. "మీరే చెబుతారనుకున్నాను. మొదటి ఏడాది రోజూ అనుకున్నా. డబ్బా మీ చేతికిస్తూ ఇవాళ చెబుతారేమో అనుకునేదాన్ని. రెండో ఏడు అప్పుడప్పుడూ అనుకున్నా. ఆ తర్వాత మానేశాను."

అతను ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు.

"నాకు చెప్పి ఏం లాభం మరిదిగారూ? నాకు తెలిసిందేగా. మీకు మీ బరువు దిగింది, అంతే. తెలియనిది వాళ్ళకి" అంది, కార్ఖానా ఉన్న వైపు గడ్డంతో చూపిస్తూ.

మర్నాడు అతను నన్ను వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరు అంతా విని ఇబ్బందిగా కదిలాడు. "ఏడేళ్ళనాటి సంగతి. నేనప్పటికి రానే లేదు. ఇప్పుడివన్నీ తవ్వుకోవడం ఎందుకండీ? మీరు మంచి పనివాళ్ళు, హాయిగా పనిచేసుకోండి" అన్నాడు.

"మా వదిన పేరు మీద ఉన్నది తీసి నా పేరు మీద రాయాలండి" అన్నాడు గాలిమేస్త్రి. "రాసేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

కదలకుండా ఒకేచోట కూర్చోవడంలో అతన్ని మించినవాడు లేడు కదా. గంటన్నర కూర్చున్నాడు. చివరికి మేనేజరు చేతులెత్తేశాడు. నేను పాత ఫైలు వెతికి తీశాను. "పూత లోపం" కొట్టేసి, కింద "గాలి ఎక్కువ లాగడం; తనిఖీలో గమనించలేదు" అని రాసి, గాలిమేస్త్రి చేత ఒక సంతకం పెట్టించి, పక్కన నేనొకటి పెట్టాను. పూతక్కని పిలిపించి చూపించాం. నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది.

"సరే" అంది.

మేనేజరు మంచివాడే. "అమ్మా, మీరు మళ్ళీ పూత గదికి వచ్చేయండి. ఇవాళే రండి" అన్నాడు. ఆవిడ కళ్ళలో ఒక్క క్షణం ఏదో మెరిసింది. అది నేను చూశాను, గాలిమేస్త్రీ చూశాడు.

పూత గది మారిపోయింది. ఇప్పుడక్కడ తూకం మిషను ఉంది, పూత చిక్కదనం చూసే గిన్నె ఉంది, ఇద్దరు కొత్త ఆడవాళ్ళున్నారు. వాళ్ళు లేచి చోటిచ్చారు. పూతక్క తలగుడ్డ సర్దుకుని, ఆరబెట్టిన వరసలోంచి ఒక బొమ్మ తీసుకుంది. అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని జరిపింది. మళ్ళీ జరిపింది. బొమ్మ మార్చి ఇంకోటి తీసింది. కళ్ళు మూసుకుని మెల్లగా, ఇంకా మెల్లగా జరిపింది.

"ఆరిందో ఆరలేదో కూడా తెలియట్లేదు" అంది చివరికి. చుట్టూ ఉన్నవాళ్ళతో కాదు, తన వేళ్ళతో అన్నట్టు అంది. బొమ్మని జాగ్రత్తగా తీసినచోటే పెట్టింది. "మీరు తూకం వేసుకోండమ్మా. అదే నయం."

గాలిమేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆవిడ బయటికి వస్తూ, "కాస్త దారివ్వండి" అంది. అతను పక్కకి జరిగాడు.

తర్వాత ఆవిణ్ణి స్టోరు గదిలో వేశారు, చేతితొడుగులు, కళ్ళద్దాలు ఇచ్చిపుచ్చుకునే పనికి. అక్కడ రెండేళ్ళు చేసి మానేసింది. విషయం తెలిశాక అన్న ఆర్నెల్లు తమ్ముడితో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు, పనుంటే. గాలిమేస్త్రి ఇప్పటికీ పంపు దగ్గరే ఉన్నాడు, ఇప్పటికీ వేరే కార్ఖానాల వాళ్ళు పిలుస్తారు. కొత్తవాళ్ళెవరు వచ్చినా ముందు నలభై రెండు బాడీల కథ చెప్పి, ఆ తర్వాతే చక్రం ముట్టుకోనిస్తాడు. అలా చెప్పడం వల్ల ఏమైనా తేలికయిందా అని ఒకసారి అడిగాను. లేదన్నాడు. నాకూ కాలేదు.

నెలకోసారి అతనే ఆటో మాట్లాడి వదినని ఆసుపత్రికి తీసుకెళతాడు. ఆవిడ వద్దనదు. ఇద్దరూ గోడవారగా బల్ల మీద పక్కపక్కన కూర్చుంటారు. పిలుపు రావడానికి గంట పడుతుంది. ఆ గంటలో ఎండ గురించో, అన్నయ్య డ్యూటీ గురించో నాలుగు మాటలు మాట్లాడుకుంటారట. డాక్టరు వేళ్ళు ఒక్కొక్కటీ సూదితో తాకి చూసి, ఉన్నది ఇంకా పోకుండా చూసుకోవాలి తప్ప పోయింది తిరిగి రాదని ప్రతిసారీ అదే చెప్పి, చన్నీళ్ళు ముట్టుకోవద్దని పంపిస్తాడు. చీటీ అతనే మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఇంటి ముందు ఆటో ఆగాక ఆవిడ నెమ్మదిగా దిగి, "వచ్చే నెల గుర్తుచేయండి" అని లోపలికి వెళ్ళిపోతుంది.